పొడవాటి గదిలో రెండు సబ్‌వూఫర్లు: డిజిటల్ క్రాసోవర్‌తో కుదుర్చుకునే పద్ధతి

ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో, పర్లాకిమిడిలో, గుణుపురంలో మనవాళ్ల ఇళ్లు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. వీధి వైపు సన్నగా, పెరటి వైపు పొడవుగా సాగిపోతాయి. ఇరువైపులా పక్కింటి గోడలను ఆనుకొని ఉంటాయి. అలాంటి ఇంటి ముందుగదిలో సబ్‌వూఫర్ (అడుగు స్వరాలు పలికించే స్పీకరు) పెట్టినవారందరికీ ఒక అనుభవం తప్పదు. ఒక కుర్చీలో కూర్చుంటే డోలు దెబ్బ గుండెల మీద పడుతుంది, నాలుగు అడుగులు జరిగితే ఆ దెబ్బే వినిపించదు. ఒకటి చాలడం లేదని రెండో సబ్‌వూఫర్ కొని, ఖాళీగా ఉన్న మూలలో పెట్టి, ప్రాసెసర్, అంటే డిజిటల్ క్రాసోవర్ పెట్టె, అన్నీ చూసుకుంటుందని అనుకుంటే ఈ తేడా తగ్గకపోగా కొన్నిసార్లు పెరుగుతుంది. ప్రాసెసర్ చేయగలిగినవి కొన్నే: మట్టం (శబ్దం స్థాయి) మార్చడం, ఆలస్యం కలపడం, కొన్ని పౌనఃపున్యాలను తగ్గించడం, పెద్ద స్పీకర్లకూ సబ్‌వూఫర్లకూ మధ్య పని పంచడం. రెండు సబ్‌వూఫర్లను ముందుగా ఒకదానితో ఒకటి కలిపి ఒకే వాద్యంగా తయారుచేసి, ఆ తరువాతే వాటిని పెద్ద స్పీకర్లతో జతపరచాలి. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన పెట్టె ఉన్నా ఫలితం ఉండదు.

గదిని కొలవడం, స్థానం ఎంచుకోవడం

ప్రాసెసర్ పెట్టెను విప్పకముందే టేపు తీసుకొని గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలవండి. మన వైపు వేడికి, అంటే దాదాపు 30 డిగ్రీల దగ్గర, శబ్దం సెకనుకు సుమారు 1145 అడుగులు ప్రయాణిస్తుంది. అందులో సగమైన 572ను గది కొలతతో భాగిస్తే, ఆ దిశలో గది ఏ పౌనఃపున్యం దగ్గర మొదటిసారి ప్రతిధ్వనిస్తుందో తెలుస్తుంది. ఉదాహరణకు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. పొడవు వల్ల సుమారు 29 హెర్ట్జ్, వెడల్పు వల్ల 48 హెర్ట్జ్, ఎత్తు వల్ల 57 హెర్ట్జ్ వస్తాయి. పొడవు ప్రతిధ్వనికి రెట్టింపు కూడా 57 దగ్గరే పడుతుంది కాబట్టి, ఎత్తుదీ పొడవుదీ ఒకేచోట పోగుపడి ఆ స్వరం దగ్గర గది గుమ్మని మోగుతుంది. పొడవు ఎత్తుకు సరిగ్గా రెట్టింపు ఉన్న ప్రతి గదికీ ఈ చిక్కు ఉంటుంది. ఈ లెక్క తలుపులన్నీ మూసిన గదికి సంబంధించినది. మన ఇళ్లలో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తలుపులు ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి, అవి తెరిచి ఉంచితే పొడవుకు సంబంధించిన అంకెలు కొంత మారతాయి. మీరు మామూలుగా వినేటప్పుడు తలుపులు ఎలా ఉంటాయో, కొలిచేటప్పుడూ అలాగే ఉంచండి.

హార్మన్ సంస్థలో పనిచేసిన టాడ్ వెల్టి 2002లో ప్రచురించిన పరిశోధనలో, రెండు సబ్‌వూఫర్లను ఎదురెదురు గోడల మధ్యభాగాల్లో పెడితే కూర్చునే చోట్ల మధ్య తేడాలు బాగా తగ్గుతాయని చూపించారు. దీని వెనుక ఉన్న కారణం సులువైనదే. గది పొడవునా ఏర్పడే మొదటి ప్రతిధ్వనిలో ఒక చివర గాలి ఒత్తిడి పెరుగుతున్నప్పుడు రెండో చివర తగ్గుతూ ఉంటుంది. రెండు చివర్లలోనూ ఒకే సంకేతంతో ఊదే సబ్‌వూఫర్లు పెడితే అవి ఆ ఊగిసలాటకు అడ్డుపడతాయి. పై గదిలో 29, 86 హెర్ట్జ్ ప్రతిధ్వనులు ఇలా అణిగిపోతాయి. గోడకు సరిగ్గా మధ్యలో ఉండటం వల్ల వెడల్పుకు చెందిన 48 కూడా పెద్దగా లేవదు. 57 మాత్రం మిగులుతుంది, దాని పని తరువాత చూద్దాం.

పొట్టి గోడలకు మధ్యలో గుమ్మాలు ఉంటే ఈ అమరిక కుదరదు. అప్పుడు రెండింటినీ ఒకే పొడవు గోడకు ఆనించి, పొడవులో నాలుగో వంతు దగ్గర ఒకటి, మూడు వంతుల దగ్గర మరొకటి, అంటే 20 అడుగుల గదిలో 5 అడుగుల దగ్గర, 15 అడుగుల దగ్గర పెట్టండి. ఈ స్థానాల నుంచి పొడవుకు చెందిన 29, 57, 86 మూడూ బలం పుంజుకోలేవు. బదులుగా వెడల్పుకు చెందిన 48 లేస్తుంది, అయితే గది వెడల్పుకు మధ్యలో కూర్చున్నవారికి అది దాదాపుగా తగలదు. నా మటుకు నాకు సన్నని పొడవాటి గదుల్లో ఈ రెండో అమరికే ఎక్కువ నచ్చుతుంది. ఏ గోడను ఎంచుకోవాలన్న ప్రశ్నకు ధ్వనిశాస్త్రం కంటే పొరుగువారి పడకగది ఏ వైపున ఉందో తెలుసుకోవడమే మంచి సమాధానం చెబుతుంది. అడుగు అటూ ఇటూ జరిగినా నష్టం లేదు. రెండూ ఒకే మూలకు చేరితే మాత్రం మోత పెరుగుతుందే గాని, ఒక్క సబ్‌వూఫర్‌తో ఉన్న హెచ్చుతగ్గులు అలాగే ఉంటాయి. పరదాలు, ఫోమ్ పలకలు ఈ పౌనఃపున్యాల దగ్గర ఏ పనీ చేయవు, ఎందుకంటే 29 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 40 అడుగులు.

తీగలు కలపడం

మీ దగ్గర ఆడియో-వీడియో (ఏవీ) రిసీవర్ ఉంటే దాని సబ్‌వూఫర్ అవుట్‌ను ప్రాసెసర్ మొదటి ఇన్‌పుట్‌కు కలిపి, ప్రాసెసర్ నుంచి రెండు అవుట్‌పుట్లను రెండు సబ్‌వూఫర్లకు విడివిడిగా తీసుకెళ్లండి. రిసీవర్‌లో అన్ని స్పీకర్లనూ 'స్మాల్' (అడుగు స్వరాలను సబ్‌వూఫర్లకు వదిలే అమరిక) అని పెట్టి క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. పని పంచేది రిసీవరే కాబట్టి ప్రాసెసర్‌లో మరో లో-పాస్ (పై స్వరాలను ఆపే వడపోత) పెట్టకూడదు, సబ్‌వూఫర్ వెనుక ఉన్న క్రాసోవర్ గుండీని కూడా పూర్తిగా పైకి తిప్పేయాలి, లేదా ఎల్ఎఫ్ఈ (ఆ క్రాసోవర్‌ను పక్కన పెట్టే) స్థానంలో పెట్టాలి. ఒకే సంకేతాన్ని రెండు మూడు చోట్ల వడకడితే 80 దగ్గర గుంత పడుతుంది. ఆ గుంత ఎందుకు పడిందో తెలియక గంటల కొద్దీ ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టేవారు చాలామంది ఉన్నారు.

స్టీరియో ఆంప్లిఫయర్ మాత్రమే ఉన్నవారికి కథ వేరు. ప్రీ-అవుట్ (వాల్యూమ్ గుండీ దాటిన సంకేతం బయటికి వచ్చే చోటు), మెయిన్-ఇన్ (అది తిరిగి లోపలికి వెళ్లే చోటు) విడివిడిగా ఉన్న ఆంప్లిఫయర్ అయితే, ప్రీ-అవుట్ నుంచి ప్రాసెసర్‌కు రెండు తీగలు తెచ్చి, నాలుగు అవుట్‌పుట్లలో రెండింటిని తిరిగి మెయిన్-ఇన్‌కు, మిగిలిన రెండింటిని సబ్‌వూఫర్లకు ఇవ్వండి. ఇప్పుడు క్రాసోవర్ పని ప్రాసెసర్‌దే. పెద్ద స్పీకర్లకు 80 దగ్గర హై-పాస్ (అడుగు స్వరాలను ఆపే వడపోత), సబ్‌వూఫర్లకు 80 దగ్గర లో-పాస్ పెట్టండి. రెండూ లింక్‌విట్జ్-రైలీ రకం, అష్టకానికి (పౌనఃపున్యం రెట్టింపయ్యే ప్రతిసారీ) 24 డెసిబెల్ వాలు ఉన్నవి కావాలి. 1970లలో ఇద్దరు హ్యూలెట్-ప్యాకార్డ్ ఇంజినీర్ల పేరు మీద స్థిరపడిన ఈ వడపోతలో, కలిసే చోట రెండు వైపులా 6 డెసిబెల్ చొప్పున తగ్గి, రెండూ ఒకే దశలో కలిసినప్పుడు మొత్తం సమంగా వస్తుంది. పాత ఆంప్లిఫయర్లకు టేప్-అవుట్ ఉంటుంది గదా అని దాని నుంచి తీగ లాగకండి. దానికి వాల్యూమ్ గుండీతో సంబంధం ఉండదు కాబట్టి, మీరు పాట తగ్గించినా సబ్‌వూఫర్లు తగ్గవు.

తీగలు కలిపిన వెంటనే గుయ్యిమనే హోరు వినిపిస్తే, అది 50 లేదా 100 హెర్ట్జ్ ఎర్త్ హోరు. అన్ని పరికరాలకూ ఒకే స్విచ్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి, డిష్ కేబులును ఒకసారి ఊడదీసి చూడండి. చాలా ఇళ్లలో దోషం అక్కడే దొరుకుతుంది. హోరు పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్నును విరిచేయడం ప్రాణాలకే ముప్పు. గోపాలపురం వైపు, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆర్‌సీఏ కొనలు త్వరగా చిలుము పడతాయి, ఏటా ఒకసారి కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి.

కొలిచే మైకు

చెవితో కొంతదూరం వెళ్లవచ్చు గాని, రెండు సబ్‌వూఫర్ల పనిలో మైకు లేకపోవడం చీకట్లో సూదిలో దారం ఎక్కించడం వంటిది. యూమిక్-1 వంటి యూఎస్‌బీ కొలత మైకు, దానితో వచ్చే కాలిబ్రేషన్ ఫైలు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్, ఒక లాప్‌టాప్ చాలు. ఫోనులోని మైకు మాటలు పట్టడానికి చేసినది, దాని అడుగు స్వరాల అంకెలను నమ్మవద్దు. మైకును కూర్చున్నప్పుడు మీ తల ఉండే ఎత్తులో స్టాండుకు బిగించండి, చేత్తో పట్టుకోవద్దు. ఒక్క కుర్చీ దగ్గరే కొలిస్తే ఆ ఒక్క కుర్చీకే బాగుంటుంది. కాబట్టి ఇంట్లో నలుగురూ కూర్చునే మూడు నాలుగు చోట్ల కొలిచి సగటు చూడండి.

స్వీప్ (అడుగు స్వరం నుంచి పైకి సాగే పరీక్ష ధ్వని) మొదలుపెట్టగానే మీకు మొదట వినిపించేది సబ్‌వూఫర్ కాదు, ఇనుప బీరువా తలుపు. 40 దాటేసరికి బీరువా తలుపు, 60 దగ్గర షోకేసు అద్దం, ఆపైన గోడ గడియారం వరుసగా గలగలలాడతాయి. ప్రతి చప్పుడూ ఎక్కడిదో పట్టుకొని, తలుపు సందులో మడిచిన గుడ్డో రబ్బరు ముక్కో దోపి, ఆ తరువాతే కొలత తీయండి. ఈ పని విసుగు పుట్టించేదే గాని, చాలామంది తమ సబ్‌వూఫర్ పగిలిందని అనుమానించే చప్పుడు ఇదే.

రెంటినీ ఒకటి చేయడం

సబ్‌వూఫర్లు రెండూ ఒకే మోడల్ అయితే వెనుక గుండీలను సరిగ్గా ఒకే గీత మీద పెట్టి, ఫేజ్‌ను (దశను) సున్నాకు, ఆటో-ఆఫ్‌ను తీసివేసిన స్థితికి మార్చండి. ఒక్కొక్కటే మోగించి కొలవండి. శబ్ద మట్టం చూపే మీటరును సి-వెయిటింగ్‌లో (అడుగు స్వరాలను పెద్దగా తగ్గించకుండా లెక్కించే పద్ధతిలో) ఉంచాలి, ఎందుకంటే ఎ-వెయిటింగ్ 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్ తక్కువ చూపిస్తుంది. రెండింటి మధ్య ఒకటి రెండు డెసిబెల్ తేడా ఉంటే ప్రాసెసర్ మట్టంతో సర్దండి. అంతకుమించి బాగా తేడా ఉంటే అది మట్టం లోపం కాదు, స్థానం లోపం, దాన్ని అడుగు జరిపి మళ్లీ కొలవండి.

తరువాతది ఆలస్యం. ముందుగోడ దగ్గరి సబ్‌వూఫర్ మీ కుర్చీకి 13న్నర అడుగుల దూరంలో, వెనుకది 6న్నర అడుగుల దూరంలో ఉన్నాయనుకోండి. తేడా 7 అడుగులు. శబ్దం ఒక మిల్లీసెకనులో దాదాపు 1.15 అడుగు పోతుంది కాబట్టి ముందుదాని శబ్దం సుమారు 6 మిల్లీసెకనులు ఆలస్యంగా చేరుతుంది. 80 హెర్ట్జ్ తరంగంలో సగం కాలం 6.25 మిల్లీసెకనులు. అంటే ఒకటి గాలిని నెట్టే క్షణంలో రెండోది లాగుతూ ఉంటుంది, రెండు సబ్‌వూఫర్లూ బలంగా పనిచేస్తున్నా 80 దగ్గర మీ చెవికి దాదాపు ఏమీ చేరదు. ప్రాసెసర్‌లో దగ్గరగా ఉన్న వెనుకదానికి 6.1 మిల్లీసెకనుల ఆలస్యం ఇవ్వండి. దూరంగా ఉన్నదానికి ఇస్తే తేడా రెట్టింపవుతుంది. ఈ పొరపాటు తేలికగా జరుగుతుంది కాబట్టి తెర మీద చూస్తూ ఒకసారి వేలు పెట్టి నిర్ధారించుకోండి. టేపుతో కొలిచిన అంకె ప్రారంభం మాత్రమే. రెండూ కలిపి మోగిస్తూ ఆలస్యాన్ని అర మిల్లీసెకను చొప్పున అటూ ఇటూ మార్చి, అన్ని కుర్చీల దగ్గరా 30 నుంచి 90 హెర్ట్జ్ వరకు తెర మీది గీత ఎక్కడ ఎక్కువ నిండుగా ఉంటుందో అక్కడ ఆగండి. వేర్వేరు కంపెనీల సబ్‌వూఫర్లయితే వాటి లోపలి సర్క్యూట్ల ఆలస్యాలు వేరుగా ఉంటాయి, అప్పుడు టేపు కొలతను పక్కన పెట్టి మైకు చెప్పినదే వినాలి. ఒక కుర్చీ కోసం పూర్తిగా సరిచేస్తే పక్క కుర్చీ చెడుతుందని తేలితే రెండింటికీ మధ్యస్థమైన అంకెను ఎంచుకోండి. ఈ సర్దుబాటును లెక్క కట్టి చూపే మల్టీ-సబ్ ఆప్టిమైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఓపిక ఉన్నవారికి అది చాలా ఉపయోగం.

ఈ పని అయ్యేవరకు ఈక్వలైజర్‌ను ముట్టుకోవద్దు. అయిన తరువాత రెండు సబ్‌వూఫర్లకూ ఉమ్మడిగా, ఒకే అంకెలతో, వడపోతలు పెట్టండి. మన ఉదాహరణలో, సబ్‌వూఫర్లు ఎదురెదురు పొట్టి గోడల దగ్గర ఉంటే, 57 దగ్గర కొండలా లేచిన గీతను 57 హెర్ట్జ్, క్యూ (వడపోత ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 5, మైనస్ 7 లేదా 8 డెసిబెల్‌తో దించితే, మట్టమే కాక ఆ స్వరం సాగదీసి మోగడం కూడా తగ్గుతుంది. మృదంగం తొప్పి వైపు దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా వినిపించడం మొదలైతే పని సరిగ్గా జరిగినట్లు. లోయలను పూడ్చడానికి ప్రయత్నించవద్దు. రెండు తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట ఎంత పెంచినా రెండూ సమానంగా పెరిగి మళ్లీ కొట్టేసుకుంటాయి. పైగా 6 డెసిబెల్ పెంచడమంటే ఆంప్లిఫయర్‌ను నాలుగు రెట్ల శక్తి అడగడం. సన్నని లోయను చెవి పెద్దగా పట్టించుకోదు, వెడల్పైన లోయ ఉంటే సబ్‌వూఫర్‌నో కుర్చీనో జరపాలి.

స్థానికంగా పెట్టెలు కట్టించి, పవర్ ఆంప్లిఫయర్‌తో నడిపేవారికి రెండు అదనపు పనులున్నాయి. రంధ్రం ఉన్న పెట్టె అయితే, అది ట్యూన్ అయిన పౌనఃపున్యానికి కిందుగా కోన్‌కు గాలి పట్టు తప్పి విపరీతంగా ఊగుతుంది, కాబట్టి దానికి కొంచెం కిందుగా 24 డెసిబెల్ వాలున్న హై-పాస్ తప్పనిసరి. ప్రాసెసర్‌లో లిమిటర్ ఉంటే స్పీకరు ఆర్ఎమ్ఎస్ (నిరంతరం తట్టుకునే) వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 300 వాట్లు, 8 ఓమ్‌లు అయితే సుమారు 49 వోల్టులు. ఆంప్లిఫయర్ అంతకుమించి ఇవ్వకుండా పరిమితి పెట్టండి.

పెద్ద స్పీకర్లతో జత

ఇప్పుడు రెండు సబ్‌వూఫర్లను ఒకటిగానే భావించి పెద్ద స్పీకర్లతో కలపాలి. దీనికి నేను వాడేది తలకిందుల పద్ధతి. 80 హెర్ట్జ్ స్వరం ఒక్కటే వినిపిస్తూ, ప్రాసెసర్‌లో రెండు సబ్‌వూఫర్ల పోలారిటీనీ (ప్లస్-మైనస్ దిశనూ) ఒకేసారి తిప్పేయండి. ఆపై రెండింటి ఆలస్యాన్నీ సమానంగా పెంచుతూ పోతే, ఒకచోట కుర్చీ దగ్గర శబ్దం అట్టడుగుకు పడిపోతుంది. అక్కడ ఆపి పోలారిటీని మామూలు స్థితికి తెస్తే, పడిపోయినంతగా పైకి లేస్తుంది. ఎక్కువ వినిపించే చోటును వెతకడం కంటే తక్కువ వినిపించే చోటును వెతకడం సులువు, ఎందుకంటే శిఖరం మొద్దుగా ఉంటుంది, లోయ పదునుగా ఉంటుంది. సబ్‌వూఫర్లే వెనుకబడి ఉంటే వాటికి ఇంకా ఆలస్యం కలిపి లాభం లేదు, పెద్ద స్పీకర్ల వైపు కలపాలి. రిసీవర్ ఉన్నవారు ఇదే పనిని దానిలోని సబ్‌వూఫర్ దూరంతో చేయవచ్చు. ప్రాసెసర్ కూడా కొంత ఆలస్యం కలుపుతుంది కాబట్టి అక్కడ కుదిరే దూరం టేపు చూపినదాని కంటే కొన్ని అడుగులు ఎక్కువగా ఉంటే కంగారు పడవద్దు. చివరగా 80కి కిందుగా ఉన్న భాగాన్ని పైభాగం కంటే 4 డెసిబెల్ మేర ఎత్తులో ఉంచితే చాలామంది చెవులకు హాయిగా ఉంటుంది. 8కి మించితే సినిమాకు బాగుంటుందేమో గాని, గాత్ర కచేరీ బావిలోంచి వచ్చినట్లు వినిపిస్తుంది.

రాత్రి కోసం మరో అమరిక

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్ పరిమితి. ఈ అంకెలు ఎ-వెయిటింగ్‌లో కొలిచేవి కాబట్టి మీటరు ప్రకారం మీరు తప్పు చేయకపోయినా, ఉమ్మడి గోడకు అవతల మంచం మీద పడుకున్న మామ్మగారికి మీ 40 హెర్ట్జ్ వీపులో తగులుతూనే ఉంటుంది. ప్రాసెసర్‌లో ఒకటికి మించి అమరికలు దాచుకునే వీలుంటే రెండోదాన్ని రాత్రికి కేటాయించండి. అదే ఆలస్యం, అవే వడపోతలు, అదనంగా 40 హెర్ట్జ్ దగ్గర హై-పాస్, 60కి కిందుగా 6 డెసిబెల్ తగ్గింపు. ఒకసారి పక్కింటికి వెళ్లి, వారి పడకగదిలో నిలబడి, ఇంట్లో ఎవరినైనా పాట పెట్టమని చెప్పి మీరే వినండి.

వేసవి గాలివానల్లో కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారిగా వెలిగితే ప్రాసెసర్ తేరుకునే లోపు సబ్‌వూఫర్లు ధబ్బుమంటాయి. ప్రాసెసర్‌ను చిన్న యూపీఎస్ మీద ఉంచి, ఎప్పుడూ దాన్ని మొదట, సబ్‌వూఫర్లను చివర ఆన్ చేయండి, ఆపేటప్పుడు దీనికి వ్యతిరేక వరుస పాటించండి. ఉరుములు మొదలైతే ప్లగ్గులే తీసేయండి. అమరిక ఫైలును తేదీ వేసి లాప్‌టాప్‌లో దాచి, ఆలస్యాలు, మట్టాలు, వడపోతల అంకెలను ఒక కాగితం మీద రాసి ప్రాసెసర్ అడుగున అతికించండి. బీరువా జరిగినా, సోఫా మారినా ఆ కాగితంలోని ఆలస్యం అంకె దగ్గర నుంచి మళ్లీ కొలవడం మొదలుపెట్టవచ్చు.